మార్పులు చేసిన పాత కారుకు స్టీరింగు బాక్సు రేషియో ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పాత జీపులు, పద్మినీలు, అంబాసిడర్లు బాగు చేయించుకొని నడుపుకొనేవారు మా షెడ్డుకు వచ్చినప్పుడు అడిగే ప్రశ్నలను, వాటికి మేము ఇచ్చే సమాధానాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము. ఇంజను మార్చినవారు, వెడల్పు టైర్లు వేసినవారు, సస్పెన్షన్ ఎత్తు పెంచినవారు లేదా తగ్గించినవారు ప్రధానంగా ఈ ప్రశ్నలు అడుగుతుంటారు. మార్పులేమీ లేకుండా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారు అయితే, దాని రేషియో జోలికి వెళ్ళవలసిన అవసరం దాదాపుగా ఉండదు.

స్టీరింగు బాక్సు రేషియో అంటే ఏమిటి?

స్టీరింగు కడ్డీ కొసన ఉండి, తిప్పుడును ముందు చక్రాల వైపు అందించే గేర్ల పెట్టెనే స్టీరింగు బాక్సు అంటారు. స్టీరింగు చక్రాన్ని ఎన్ని డిగ్రీలు తిప్పితే బాక్సు కింద ఉన్న డ్రాప్ ఆర్మ్ అనే చేయి ఒక డిగ్రీ కదులుతుందో ఆ లెక్కనే రేషియో అంటారు. 20:1 బాక్సులో చక్రం 20 డిగ్రీలు తిరిగితే ఆర్మ్ ఒక డిగ్రీ కదులుతుంది. 16:1 బాక్సులో అదే పనికి 16 డిగ్రీలు చాలు. మొదటి అంకె చిన్నదయ్యే కొద్దీ బండి త్వరగా తిరుగుతుంది, దానితోపాటే చేతికి బరువు పెరుగుతుంది. ఈ రెండూ ఒకే కాడికి కట్టిన ఎడ్ల వంటివి కాబట్టి, ఒకదానిని వదిలి రెండోదానిని మాత్రమే తెచ్చుకోవడం గేర్ల వల్ల అయ్యే పని కాదు.

బాక్సు రేషియో, మొత్తం రేషియో ఒకటేనా?

కావు. కొనేటప్పుడు జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే జరుగుతాయి. డ్రాప్ ఆర్మ్ కదలిక డ్రాగ్ లింకు, టై రాడ్లు అనే కలుపు కడ్డీల ద్వారా రోడ్డు చక్రం దగ్గర ఉన్న స్టీరింగు ఆర్మ్‌కు చేరుతుంది. ఈ రెండు ఆర్మ్‌ల పొడవుల్లో తేడా ఉంటే రేషియో మళ్ళీ మారుతుంది. స్థూలంగా చెప్పాలంటే బాక్సు రేషియోను స్టీరింగు ఆర్మ్ పొడవుతో హెచ్చించి, డ్రాప్ ఆర్మ్ పొడవుతో భాగిస్తే మొత్తం రేషియో వస్తుంది. 20:1 బాక్సుకు 125 మి.మీ. డ్రాప్ ఆర్మ్, 150 మి.మీ. స్టీరింగు ఆర్మ్ ఉన్నాయనుకుంటే మొత్తం రేషియో 24:1 అవుతుంది. అదే బాక్సుకు 150 మి.మీ. డ్రాప్ ఆర్మ్ వేస్తే 20:1 అవుతుంది. డ్రైవరు చేతికి తెలిసేది ఈ మొత్తం రేషియో మాత్రమే.

అమెరికాలో 1960ల నాటి ఫోర్డ్ మస్టాంగ్‌ను ఇందుకు ఉదాహరణగా చెప్పవచ్చు. దాని సాధారణ బాక్సు సుమారు 20:1 అయినా, లింకేజీ (ఆర్మ్‌లు, కడ్డీల అమరిక) కలిసిన తరువాత మొత్తం రేషియో 27:1 వరకు వెళ్ళేది. త్వరగా తిరిగే 16:1 బాక్సుతో అది 22:1 దగ్గర ఉండేది. కేవలం బాక్సు అంకెను చూసి, "అమెరికావాళ్ళు 16 వేశారు, నేనూ 16 వేస్తాను" అనుకుంటే, ఇక్కడి కారులో ఆర్మ్‌ల పొడవు వేరు కావడంతో ఫలితం కూడా వేరుగా ఉంటుంది.

పాత సామాను బజారులో కొన్న బాక్సు మీద ఏ గుర్తూ లేదు. రేషియో ఎలా తెలుసుకోవాలి?

బాక్సును వైసులో బిగించి, రెండు కొసల మధ్య ఎన్ని తిప్పులున్నాయో లెక్కపెట్టి, సగానికి తెచ్చి ఆపండి. అక్కడి నుంచి ఇన్‌పుట్ షాఫ్టును సరిగ్గా ఒక పూర్తి చుట్టు తిప్పి, డ్రాప్ ఆర్మ్ ఎన్ని డిగ్రీలు కదిలిందో కోణమాపకంతో కొలవండి. 15 డిగ్రీలైతే 24:1, 18 డిగ్రీలైతే 20:1, 22.5 డిగ్రీలైతే 16:1. కొన్ని పవర్ బాక్సుల్లో రేషియో మధ్యలో ఒక విధంగా, కొసల దగ్గర మరొక విధంగా ఉంటుంది. కాబట్టి రెండో చుట్టును కూడా విడిగా కొలవడం మంచిది. బడిపిల్లల డబ్బాలోని కోణమాపకం ఇందుకు సరిపోతుంది, కానీ ఆర్మ్‌కు ఒక పొడవాటి ఇనుప చువ్వ కట్టి దాని కొసన కొలిస్తే తప్పు తగ్గుతుంది.

పూర్తి కట్‌కు (ఒక కొస నుంచి రెండో కొసకు) ఎన్ని తిప్పులు పడతాయో చూసి రేషియో చెప్పవచ్చా?

ఖచ్చితంగా చెప్పలేము. డ్రాప్ ఆర్మ్ మొత్తం 70 డిగ్రీలు కదిలే కారులో 24:1 బాక్సుకు సుమారు 4.7 తిప్పులు, 20:1కు 3.9, 16:1కు 3.1 పడతాయి. అయితే చక్రాలు తక్కువగా కట్ అయ్యే కారులో రేషియో ఎక్కువైనా తిప్పులు తక్కువే వస్తాయి. వెడల్పు టైరు ఫెండరుకు తగులుతోందని, చక్రాల కట్‌ను ఆపే స్టాపరు బోల్టులను బయటకు తిప్పిన జీపుల్లో ఇదే జరుగుతుంది. స్టీరింగు త్వరపడిందని యజమాని సంతోషిస్తాడు, నిజానికి బండి తిరగడానికి కావలసిన జాగా పెరిగి ఉంటుంది.

రేషియో తగ్గిస్తే చేతికి ఎంత బరువు పెరుగుతుంది?

దీనిని ఊహించనవసరం లేదు, తూచి తెలుసుకోవచ్చు. చేపల దుకాణంలో వాడే స్ప్రింగు కాంటాను స్టీరింగు చక్రం అంచుకు తగిలించి, చదును నేల మీద ఒకరు కారును మెల్లగా తోస్తుండగా మరొకరు లాగితే, చక్రం తిప్పడానికి ఎన్ని కిలోల బలం కావాలో కాంటా చూపిస్తుంది. 20:1 బాక్సు, 16 అంగుళాల స్టీరింగు చక్రం ఉన్న కారులో అది 10 కిలోలు వచ్చిందనుకుందాము. బాక్సును 16:1కు మారిస్తే 12.5 కిలోలవుతుంది. అందానికని చక్రాన్ని 14 అంగుళాలకు తగ్గిస్తే 14 కిలోలు దాటుతుంది. అంటే రెండు మార్పులూ కలిసి బరువును 43 శాతం పెంచాయి. ప్యాసింజరు కార్ల స్టీరింగుకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 79వ నిబంధన, గంటకు 10 కి.మీ. వేగంతో మలుపు తిప్పేటప్పుడు అనుమతించే బలం 150 న్యూటన్లు, అనగా సుమారు 15 కిలోలు. మన ఉదాహరణలోని కారు ఆ హద్దుకు దగ్గరగా వచ్చింది. ఇదంతా కారు దొర్లుతున్నప్పటి మాట. ఆగి ఉన్న కారులో బరువు ఇంతకంటే చాలా ఎక్కువగా ఉంటుంది.

ఈ పాఠం మాకు మా సొంత జీపు నేర్పింది. పాత జీపుకు 235 మి.మీ. వెడల్పు టైర్లు, 13 అంగుళాల స్టీరింగు చక్రం, ఎక్కడి నుంచో తెచ్చిన త్వరిత (రేషియో తక్కువున్న) బాక్సు వేసి, నల్గొండ గడియారం సెంటరు దగ్గర సాయంత్రం రద్దీలో వెనక్కి మళ్ళించబోయి, సగం మలుపులో ఆగిపోయి, ఒక ఆటో డ్రైవరు దిగివచ్చి చక్రానికి చేయి వేస్తే తప్ప ముందుకు కదలలేకపోయాము. మరునాడే పాత 16 అంగుళాల చక్రాన్ని తిరిగి బిగించాము.

బరువును పెంచే ఇతర కారణాలను కూడా రేషియో మార్చేముందే పట్టుకోవాలి. పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను వేస్తే ముందు ఇరుసు మీద భారం పెరుగుతుంది. రిమ్ములను బయటకు జరిపితే, ముందు చక్రం ఏ గీత చుట్టూ కట్ అవుతుందో ఆ స్టీరింగు ఇరుసు గీత నేలను తాకే చోటుకు, టైరు నడిమికి మధ్య దూరం పెరిగి, బరువుతోపాటు గుంతల కుదుపు కూడా చేతికి చేరుతుంది. క్యాస్టరు (పక్క నుంచి చూస్తే ఆ గీత వెనక్కి వాలిన కోణం) పెంచితే బండి నేరుగా పోతుంది, కానీ చక్రం బరువెక్కుతుంది. టైరులో గాలి తక్కువైనా అదే ఫలితం. ముందు చక్రాలు కట్ అయ్యేందుకు ఇరుసు కొసన ఉండే కింగ్ పిన్‌లకు గ్రీజు అందక బిగుసుకున్న బండిని మా దగ్గరికి తెచ్చి, "బాక్సు మార్చండి" అన్నవారు ఒకరిద్దరు కాదు. గ్రీజు గన్నుతో పది నిమిషాల్లో తీరిన పనికి మేము డబ్బు కూడా అడగలేకపోయాము.

త్వరిత బాక్సు వేస్తే రహదారి మీద బండి అటూ ఇటూ పోతుందని అంటారు. అది నిజమేనా?

నిజమే, ఎంత పోతుందో కూడా లెక్క వేయవచ్చు. పద్మినీ ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2.34 మీటర్లు. జడ్చర్ల దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 90 కి.మీ. వేగంతో వెళ్తుండగా, లారీని దాటేటప్పుడు తగిలే గాలికి మీ చేయి స్టీరింగును 5 డిగ్రీలు అదాటున కదిపిందనుకోండి. మొత్తం రేషియో 24:1 ఉంటే ఒక సెకనులో కారు సుమారు అర మీటరు పక్కకు జరుగుతుంది. 12:1 ఉంటే దాదాపు ఒక మీటరు జరుగుతుంది. టైరు సాగుదలను ఈ లెక్కలో కలపలేదు, కాబట్టి రోడ్డు మీద ఇది కొంత తగ్గుతుంది, అయినా ఒకటికి రెండింతలన్న తేడా మాత్రం అలాగే ఉంటుంది. జీపులో ఇరుసుల మధ్య దూరం ఇంకా తక్కువ కాబట్టి అదే కదలికకు అది ఇంకా ఎక్కువగా పక్కకు పోతుంది.

కొత్త కార్లలో త్వరిత స్టీరింగు ఇబ్బంది పెట్టకపోవడానికి కారణం వాటి క్యాస్టరు, బుష్‌లు, రేడియల్ టైర్లు, పవర్ సహాయం అన్నీ ఆ రేషియో కోసమే కూర్చబడి ఉండటం. యాభై ఏళ్ళ కింద లీఫ్ స్ప్రింగుల మీద నిలబెట్టిన బండికి ఆ కూర్పు లేదు. ఆ రోజుల్లో రేషియో ఎక్కువగా పెట్టినది చేతకాక కాదు, పవర్ సహాయం లేని చేతిని, గుంతల రోడ్డును, మెత్తటి స్ప్రింగులను లెక్కలోకి తీసుకొని పెట్టారు.

మేము తరచుగా నల్లమల ఘాటు మీదుగా శ్రీశైలం వెళ్తాము. ఆ మలుపులకు త్వరిత బాక్సు మేలు కాదా?

మన్ననూరు దాటిన తరువాత వచ్చే ఘాటు మలుపుల్లో, ముఖ్యంగా డ్యాము దగ్గరికి దిగే వంకరల్లో, 24:1 బాక్సుతో చేతులు ఒకదాని మీద ఒకటి మార్చుకుంటూ తిప్పవలసి వస్తుంది. 18 దగ్గర ఉంటే ఆ శ్రమ బాగా తగ్గుతుంది. అయితే హైదరాబాదు నుంచి కల్వకుర్తి, డిండి, అచ్చంపేటల మీదుగా వెళ్ళే ఆ దారిలో ఎక్కువ దూరం నేరుగా ఉన్న రోడ్డే. ఏడాదికి రెండుసార్లు చేసే ప్రయాణంలోని కొద్ది కిలోమీటర్ల కోసం మిగిలిన దారంతా చక్రాన్ని పట్టుకొని కూర్చోవడం మాకు సబబుగా తోచదు.

అయితే చివరికి ఏ అంకె ఎంచుకోవాలి?

పవర్ సహాయం లేని, 165 నుంచి 185 మి.మీ. వెడల్పు టైర్లున్న తేలికైన కారుకు మొత్తం రేషియో 18 నుంచి 20 మధ్య ఉంటే ఊళ్ళోనూ రహదారి మీదా ఇబ్బంది ఉండదని మా అభిప్రాయం. 205 మి.మీ. దాటిన టైర్లు, డీజిలు ఇంజను ఉన్న జీపుకు పవర్ సహాయం లేకపోతే 22 కంటే కిందికి దిగవద్దు. పవర్ సహాయం ఉంటే 15 నుంచి 17 మధ్య సుఖంగా ఉంటుంది. 14 కంటే తక్కువ రేషియోను పోటీ బండ్లకు వదిలివేయాలి. ఇవి మా చేతికి తెలిసిన అంకెలు. ఇంట్లో పెద్దలు కూడా ఆ కారు నడిపేటట్టయితే, వారి భుజాలను దృష్టిలో పెట్టుకొని ఇంకో రెండు అంకెలు పెంచండి.

అంబాసిడర్‌కు ఏ బాక్సు సరిపోతుంది?

అంబాసిడర్‌కు స్టీరింగు బాక్సు ఉండదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆ కారుకు మొదటి నుంచీ ర్యాక్ అండ్ పినియన్ (పళ్ళ కడ్డీని చిన్న గేరు పక్కకు జరిపే) స్టీరింగే ఉంది. దానిలో లెక్క వేరు: స్టీరింగు ఒక చుట్టు తిరిగితే ర్యాక్ ఎన్ని మి.మీ. జరుగుతుందో చూడాలి. ర్యాక్‌ను తీసేసి బాక్సు పెట్టమని అడిగేవారికి మేము వద్దనే చెబుతాము, ఎందుకంటే ఉన్న మేలైన అమరికను పోగొట్టుకోవడమే అవుతుంది.

అమెరికా నుంచి తెప్పించిన బాక్సును మన కారుకు బిగించవచ్చా?

జనరల్ మోటార్స్ పాత కార్లలో వాడిన సాగినా బాక్సులు 24:1, 16:1 రేషియోలలోను, పవర్ రకంలో 12.7:1 వరకూ దొరుకుతాయి కాబట్టి చాలామంది వాటి వైపు చూస్తారు. కానీ అవి ఎడమవైపు డ్రైవరు కూర్చునే బండ్ల కోసం, ఛాసిస్‌లో ఎడమ పట్టాకు బిగించడానికి చేసినవి. వాటిని కుడివైపు బిగించడం ఎడమకాలి చెప్పును కుడికాలికి తొడగడం వంటిది. తిరగేస్తే, డ్రాప్ ఆర్మ్ తగిలించే సెక్టరు షాఫ్టు కిందికి కాక పైకి చూస్తుంది. ఇంకొక ప్రమాదం కూడా ఉంది: టై రాడ్ ఇరుసుకు వెనుక ఉండే బండి కోసం చేసిన బాక్సును, టై రాడ్ ముందు ఉండే బండికి అలాగే బిగిస్తే, స్టీరింగు కుడికి తిప్పినప్పుడు చక్రాలు ఎడమకు తిరుగుతాయి. చదివేటప్పుడు నవ్వు వస్తుంది గాని, అంతా బిగించి జాకీ దించిన తరువాత తెలిస్తే నవ్వు రాదు.

పద్మినీ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. దానికి విడిగా ఛాసిస్ లేదు, బాడీ రేకే భారం మోస్తుంది. బరువైన బాక్సును అదే రేకుకు బిగిస్తే బోల్టుల చుట్టూ పగుళ్ళు వస్తాయి, కాబట్టి లోపలి వైపు మందమైన పలక వేసి భారాన్ని పంచాలి. బిగింపు దగ్గర రేకు వంగుతుంటే ఏ రేషియో వేసినా చేతికి తెలిసేది వదులు మాత్రమే.

బాక్సు మార్చకుండా పొడవైన డ్రాప్ ఆర్మ్ వేస్తే సరిపోతుందా?

సరిపోవచ్చు, ఖర్చు కూడా తక్కువ. 125 మి.మీ. ఆర్మ్ స్థానంలో 140 మి.మీ. ఆర్మ్ వేస్తే స్టీరింగు 12 శాతం త్వరపడుతుంది. కానీ మూడు విషయాలు చూడాలి. సెక్టరు షాఫ్టు మీద మెలిపెట్టే బలం అంతే శాతం పెరుగుతుంది. డ్రాప్ ఆర్మ్‌కు జోడీగా కారు రెండో పక్కన ఐడ్లర్ ఆర్మ్ ఉన్న కారులో దానిని కూడా అంతే పొడవుకు మార్చకపోతే, గుంతల్లో చక్రాలు వాటంతటవే పక్కకు తిరుగుతాయి. సస్పెన్షన్ ఎత్తు పెంచిన జీపులో డ్రాగ్ లింకు ఏటవాలుగా మారి ఇదే జబ్బు వస్తుంది, దానికి పొడవు కాదు, కిందికి వంగిన ఆర్మ్ కావాలి.

మూడవది ఆర్మ్‌ను సంపాదించే విధానం. పాత ఆర్మ్‌ను కోసి మధ్యలో ముక్క వేసి వెల్డింగు చేయడం గాని, కొలిమిలో కాల్చి వంచడం గాని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అది ఫోర్జింగు చేసి వేడి శుద్ధి ఇచ్చిన ఉక్కు, వెల్డింగు వేడికి దాని బలం చెడిపోతుంది. అది విరిగిన క్షణంలో స్టీరింగుకు, చక్రాలకు మధ్య ఏ సంబంధమూ మిగలదు. ట్రాక్టరు పనిముట్లను వెల్డింగు చేసే అనుభవం మన ఊళ్ళలో పుష్కలంగా ఉన్నందువల్ల ఈ మాటను గట్టిగా చెప్పవలసి వస్తోంది.

స్టీరింగులో ఆట (చక్రాలు కదలకుండానే స్టీరింగు కొంత తిరగడం) ఉంది. తక్కువ రేషియో బాక్సు వేస్తే పోతుందా?

పోదు. ఆట టై రాడ్ ఎండ్లలోనో, కింగ్ పిన్‌లలోనో, బాక్సు లోపలి అరుగుదలలోనో ఉంటుంది, అక్కడే వెతకాలి.

పవర్ స్టీరింగు పెట్టదలచుకుంటే రేషియోను ముందు చూడాలా, తరువాత చూడాలా?

రెండింటినీ కలిపి చూడాలి, ఎందుకంటే పవర్ సహాయం బరువును తీసివేస్తుంది గాని త్వరను మార్చదు. హైడ్రాలిక్ పవర్ బాక్సు ఎంచుకుంటే రేషియో దానితోపాటే వస్తుంది. చక్రం మరీ తేలికై రోడ్డు తెలియకుండా పోతే, బాక్సును తప్పుపట్టేముందు పంపు పంపే నూనె ప్రవాహం, ఒత్తిడి ఆ బాక్సుకు తగినవేనా అని చూడాలి. పెద్ద బండి పంపును చిన్న బాక్సుకు కలిపినప్పుడు ఈ సమస్య వస్తుంది. స్టీరింగు కాలమ్‌కు మోటారు ఉండే ఎలక్ట్రిక్ పద్ధతిలో పాత బాక్సు, పాత రేషియో అలాగే ఉంటాయి. అయితే మోటారు బలమంతా పాత బాక్సు గేర్ల మీదే పడుతుంది కాబట్టి, అరిగిన బాక్సుకు దానిని తగిలించకూడదు.

పవర్ ఉన్నది కదా అని రేషియోను మరీ తగ్గించేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఘాటు దిగేటప్పుడు ఇంజను ఆగినా, బెల్టు తెగినా ఆ చక్రాన్ని చేతి బలంతోనే తిప్పాలి. పైన చెప్పిన 79వ నిబంధన పవర్ విఫలమైనప్పుడు 300 న్యూటన్ల వరకు, అంటే సుమారు 30 కిలోల వరకు అనుమతిస్తుంది. ఇంజను ఆపి, ఖాళీ స్థలంలో కారును తోయించి, మీరు స్వయంగా ఒకసారి తిప్పి చూసిన తరువాతే ఆ రేషియోను ఖాయం చేసుకోండి.

కొత్త బాక్సు వేశాక స్టీరింగు చక్రం వంకరగా నిలుస్తోంది. చక్రాన్ని ఊడదీసి నేరుగా పెట్టవచ్చా?

పెట్టకూడదు. బాక్సుల్లో గేర్లు సరిగ్గా మధ్యలో బిగుతుగా, కొసల వైపు కొంచెం వదులుగా కూర్చి ఉంటాయి. మీ కారు నేరుగా పోతున్నప్పుడు బాక్సు కూడా ఆ మధ్య బిందువు మీదే ఉండాలి. కాబట్టి ముందుగా బాక్సును మధ్యకు తెచ్చి, ఆ స్థితిలో చక్రాలు నేరుగా ఉండేటట్టు డ్రాగ్ లింకును, టై రాడ్లను సరిచేయాలి. స్టీరింగు చక్రాన్ని పళ్ళు మార్చి బిగిస్తే చూపుకు నేరుగా కనిపిస్తుంది గాని, బాక్సు వదులు భాగం మీద నడుస్తూ రహదారిలో ఆటను చూపిస్తుంది. ఆ ఆటను పోగొట్టడానికి సర్దుబాటు స్క్రూను బిగిస్తే మధ్యకు వచ్చినప్పుడు గేర్లు పట్టేస్తాయి. బాక్సు చోటు మారి, కాలమ్‌కు రెండు యూనివర్సల్ జాయింట్లు (వంపులో కడ్డీలను కలిపే కీళ్ళు) వేసినట్టయితే, వాటి ఫోర్కులు ఒకే వరుసలో ఉన్నాయో లేదో కూడా చూడండి. లేకపోతే ఒకే చుట్టులో కొంతసేపు బరువుగా, కొంతసేపు తేలికగా తిరుగుతుంది.

దీనికి ఆర్టీఓ అనుమతి కావాలా?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను ఖచ్చితంగా అమలు చేయవలసిందేనని చెప్పింది. ఇంజను మార్పు దీని కిందికి స్పష్టంగా వస్తుంది. స్టీరింగు విషయంలో పని మొదలుపెట్టేముందే మీ జిల్లా రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవడం మేలు. 2021లో వచ్చిన వింటేజి రిజిస్ట్రేషన్ నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలకే వర్తిస్తాయి. ఏపీ 22, ఏపీ 24 నంబర్లతో ఇంకా తిరుగుతున్న పాత బండ్ల యజమానుల్లో ఆ గుర్తింపు మీద ఆశ ఉన్నవారు ఇంజనును, బాడీని ముట్టుకోకపోవడమే మంచిది, తీసిన అసలు బాక్సును కూడా అమ్మకుండా దాచుకోవాలి.

బిగించిన తరువాత మొదట ఏమేమి చూడాలి?

ముందు చక్రాలను జాకీ మీద ఎత్తి రెండు వైపులా పూర్తి కట్ కొట్టండి. ఇరుసు మీది స్టాపరు బోల్టు తగిలే సమయానికి బాక్సులో ఇంకా కొంత కదలిక మిగిలి ఉండాలి. బాక్సే ముందు ఆగుతుంటే ప్రతి పూర్తి మలుపులోనూ దెబ్బ లోపలి గేర్ల మీద పడుతుంది. టైరు బ్రేకు గొట్టాన్ని రాస్తున్నదేమో అప్పుడే చూడండి. తరువాత అలైన్‌మెంటు చేయించి, మొదటిరోజు 40 కి.మీ. వేగం దాటకుండా ఊరి చుట్టూ తిరిగి రండి. మలుపు తిరిగిన తరువాత చక్రాన్ని వదులుగా పట్టుకుంటే అది తనంతట తాను మధ్యకు రావాలి. రాకపోతే క్యాస్టరును, బాక్సు స్క్రూ బిగుతును మళ్ళీ చూడాలి. 100 కి.మీ. తిరిగాక ఒకసారి, 500 కి.మీ. తిరిగాక మరొకసారి బాక్సు బోల్టులను, డ్రాప్ ఆర్మ్ నట్టును టార్క్ రెంచితో సరిచూసి, నట్టు మీద, షాఫ్టు మీద కలిపి ఒక పెయింటు గీత గీయండి. నట్టు వదులైతే ఆ గీత రెండుగా విడిపోయి, కిందికి వంగి చూసినప్పుడు కంటికి కనబడుతుంది.